బిడ్డలకు కలిగిన హాని – న్యాయస్థానపు ద్వారము

2024 జనవరి 31వ తేదీన వాషింగ్టను నగరమున అమెరికా సెనేటు న్యాయవ్యవహారముల సంఘమువారి యెదుట ఐదు పెద్ద కంపెనీల యధిపతులు సాక్ష్యమిచ్చుటకు కూర్చుండిరి. వారి వెనుక వరుసలలో తమ బిడ్డల ఛాయాచిత్రములను చేతబట్టుకొని పలువురు తల్లిదండ్రులు కూర్చుండిరి. ఆ చిత్రములలోని బిడ్డలు కొందరు సజీవులుగా లేరు. ఒక సభ్యుడు గట్టిగా నిలదీయగా, ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములకు యజమానియైన మెటా కంపెనీ యధిపతి మార్కు జుకర్‌బర్గు లేచి, వెనుకకు దిరిగి, మీరనుభవించిన దాని కంతటికి చింతించుచున్నానని ఆ తల్లిదండ్రులతో చెప్పెను.

క్షమాపణము మర్యాద, పరిహారము న్యాయము. మొదటిది ఇచ్చువాని దయపై ఆధారపడును. రెండవది పొందువాని హక్కు. సామాజిక మాధ్యమముల మితిమీరిన వాడుక వలన మనస్సు చెడి, నిద్ర చెడి, కొన్ని యెడల ప్రాణమే పోయిన బిడ్డల కుటుంబములకు ఈ రెండవది ఎట్లు లభించును? చట్టము వారికి ఏ ద్వారములను తెరచియుంచినది, ఏ ద్వారములను మూసినది? ఈ ప్రశ్నలను నేడు మన చదువరుల ముందుంచ దలచితిమి.

ఇది అమెరికావారి గొడవ, మనకేల యని పత్రికను మడచిపెట్టరాదు. ఆ కంపెనీల సరకే మన యిండ్లలోను ఉన్నది. కాలిఫోర్నియా, టెక్సాసు, న్యూజెర్సీ రాష్ట్రములలో కాపురమున్న తెలుగు కుటుంబముల బిడ్డలును, గుంటూరు, వరంగల్లు వీథులలోని బిడ్డలును దీపమార్పిన పిమ్మట దుప్పటి క్రింద చూచునది ఒకే తెర. 2023 మే నెలలో అప్పటి అమెరికా సర్జను జనరలు వివేక్ మూర్తి ఒక హెచ్చరికను ప్రకటించెను. పదుమూడు మొదలు పదునేడేండ్ల బాలబాలికలలో నూటికి 95 మంది వరకు ఈ మాధ్యమములను వాడుచున్నారనియు, మూడింట నొకవంతుకు పైగా వానిని దాదాపు ఎడతెగక వాడుచున్నామని చెప్పిరనియు, దినమునకు మూడు గంటలకు మించి వాడువారికి దిగులు, ఆందోళన మొదలగు బాధల యపాయము రెండింతలనియు అందు గలదు. వీనిలో ఏది కారణమో ఏది కార్యమో పండితులింకను వాదించుచున్నారు. ఆ సంగతిని మేము దాచుట లేదు. కాని 2021లో ఫ్రాన్సిస్ హౌగెన్ అను మాజీ యుద్యోగిని బయటపెట్టిన మెటా కంపెనీ కాగితములలోనే, తమ శరీరమును గూర్చి చిన్నబుచ్చుకొనిన బాలికలలో నూటికి 32 మంది ఇన్‌స్టాగ్రాము ఆ బాధను పెంచినదని చెప్పినట్లు కనబడెను. పండితులు వాదించుచుండవచ్చును. కంపెనీకి మాత్రము తన యింటి లెక్క తనకు తెలిసియుండెను.

అట్లయినచో తల్లిదండ్రులు ఇన్నేండ్లు న్యాయస్థానమున ఏల గెలువలేకపోయిరి? 1996లో అమెరికా శాసనసభ చేసిన యొక చట్టములోని 230వ సెక్షను వారి కడ్డుగా నిలిచెను. ఇతరులు వ్రాసిన వ్రాతలకు వానిని ప్రకటించు వేదిక బాధ్యురాలు కాదని దాని తాత్పర్యము. ఆ సూత్రమున కొంత న్యాయము లేకపోలేదు. పఠనాలయమున బల్లపై నుంచిన పత్రికలోని వ్రాతకు పఠనాలయపు కార్యదర్శిని శిక్షించినచో దేశమున పఠనాలయములే యుండవు. కాని ఒక కార్యదర్శి కలడనుకొందము. ఏ బాలుడు ఏ పుటయొద్ద ఎంతసేపు ఆగెనో, ఏ పుటకు కంట తడిపెట్టెనో అతడు రహస్యముగ వ్రాసికొనుచున్నాడు. మరునాడు ఆ పుట వంటివే నూరు తెచ్చి వాని ముందు పరచుచున్నాడు. గోడ గడియారమును తీసివేసినాడు. బాలుడు ఇంటికి పోయినచో తలుపు తట్టి మరల పిలుచుచున్నాడు. వాడు కూర్చున్నంతసేపు వర్తకులనుండి రుసుము పుచ్చుకొనుచున్నాడు. ఇతనిని గూడ మనము పత్రికలను బల్లపై పరచిన నిర్దోషి యందుమా?

ఈ భేదమును పట్టుకొనియే అమెరికా న్యాయవాదులు తమ వాదపు దారిని మార్చిరి. తెరపై కనబడిన వ్రాతలమీద గాక, ఆ యంత్రము నిర్మించిన తీరుమీద వారు దావా వేసిరి. 2017లో విస్కాన్‌సిను రాష్ట్రమున ముగ్గురు యువకులు కారు ప్రమాదమున మరణించిరి. కారు వేగమును ఛాయాచిత్రముపై చూపు స్నాప్‌చాటు సాధనము యువకులను మితిమీరిన వేగమునకు పురికొల్పినదని తల్లిదండ్రులు దావా వేసిరి. ఇది నిర్మాణ దోషమునకు సంబంధించిన ఫిర్యాదు గాని ఒకరి వ్రాతకు సంబంధించినది కాదనియు, 230వ సెక్షను దీనికి అడ్డు రాదనియు తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు 2021 మేలో తీర్పు చెప్పెను. 2024 ఆగస్టులో మూడవ సర్క్యూటు కోర్టు ఇంకొక యడుగు ముందుకు వేసెను. ఊపిరి బిగబట్టు నొక ప్రమాదకరమైన పందెపు చిత్రమును టిక్‌టాకు చూపగా, దాని ననుకరింపబోయి పెన్‌సిల్వేనియాలో పదేండ్ల బాలిక మరణించెను. అడుగని బిడ్డకు ఆ చిత్రమును ఏరి చూపుట కంపెనీ స్వయముగా చేసిన పనియనియు, పరుల వ్రాత యను కవచము దానికి చెల్లదనియు ఆ కోర్టు నిర్ణయించెను.

ఇట్టి దావాలు దేశమంతట వెల్లువగా రాగా, 2022 అక్టోబరులో ఫెడరలు కోర్టులలోని వ్యాజ్యములను ఉత్తర కాలిఫోర్నియాలో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్సు నొద్దకు చేర్చిరి. రాష్ట్రపు కోర్టులలోనివి లాసేంజిలిసులో జడ్జి కారొలిన్ కూల్ నొద్ద చేరినవి. మెటా, స్నాపు, టిక్‌టాకు, యూట్యూబునకు యజమానియైన గూగులు ప్రతివాదులు. 2023లో ఒక నెల యెడముగా వీరిరువురును ఇచ్చిన యుత్తరువులను పోల్చి చూచుట లాభకరము. జడ్జి కూల్ వస్తుదోషపు వాదమును త్రోసివేసి, సాధారణమైన నిర్లక్ష్యపు వాదమును సాగనిచ్చెను. జడ్జి రోజర్సు ఒక్కొక్క సాధనమును విడదీసి తూచెను: వయస్సును సరిగా తేల్చుకొనకపోవుట, తల్లిదండ్రుల చేతికి తగిన పగ్గములీయకపోవుట, ఖాతాను మూసివేయుటను కష్టతరము చేయుట, ఇవి విచారణకు నిలుచుననెను, అంతులేని వరుసగా చిత్రములను చూపుట వంటివానికి మాత్రము నిర్మాణదోషపు వాదమున 230వ సెక్షను రక్షణ కలదనెను. అనగా, ఏమి చూపితివని యడిగినచో తలుపు మూతపడవచ్చును. ఎట్టి ఇల్లు కట్టితివి, దానికి తాళమేల పెట్టలేదని యడిగినచో తెరువబడును. అమెరికాలోని మన కుటుంబములు వకీలునొద్దకు పోవునపుడు మొదట గ్రహింపవలసిన విషయ మిదియే.

2026 జనవరిలో లాసేంజిలిసు విచారణకు జూరీని ఎన్నుకొను సమయమున స్నాపు, టిక్‌టాకు కంపెనీలు ఆ మొదటి వాదితో రాజీపడినవి. ఒక్కొక్క జూరీ మాట ఎట్లున్నను, పై న్యాయస్థానములు తేల్చువరకు ఈ ధర్మసూత్రము స్థిరపడదు. కాని ఒకనాడు గడప దాటనీయని కంపెనీలు నేడు రాజీమాట కెదురు వచ్చుట చిన్న మార్పు కాదు.

దావా వేయగలవారెవరు? హాని పొందిన బిడ్డ తన పక్షమున పెద్దయొకరిని నిలిపి వేయవచ్చును. బిడ్డ మరణించినచో కుటుంబము వేయవచ్చును. 2023 జనవరిలో సియాటిలు పాఠశాలలవారు వేసినట్లు విద్యాధికారులును, అదే సంవత్సరము అక్టోబరులో నలువదికి పైగా రాష్ట్రములు మెటాపై వేసినట్లు ప్రభుత్వములును వేయవచ్చును. ఐతే పదుమూడేండ్ల లోపు బిడ్డల సమాచారమును కాపాడు 1998 నాటి అమెరికా చట్టము క్రింద తల్లిదండ్రులకు నేరుగా దావా హక్కు లేదు. అది ప్రభుత్వాధికారుల చేతిలోనిది. 2019లో ఆ చట్టము క్రింద గూగులు, యూట్యూబులు 170 మిలియను డాలర్లు చెల్లించినవి. అవి ఏ బిడ్డ చికిత్సకును నేరుగా చేరలేదు.

ఈ వ్యాజ్యములలో కష్టమైన ఘట్టము కారణనిరూపణము. ఇంటిలో కలహము, పరీక్షలో తప్పుట, చెలికాండ్ర యెగతాళి, ఇన్నిటి నడుమ ఈ యంత్రమే హాని చేసినదని ఎట్లు చూపుట? ఇచ్చట ఇంగ్లండు కథ యొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 2017లో లండనున పదునాలుగేండ్ల బాలిక ప్రాణము తీసికొనెను. 2022 సెప్టెంబరులో కరోనరు విచారణ ముగించి, దిగులు జబ్బుతో పాటు తెరపై చూచిన విషయముల చెడుఫలితము వలనను ఆమె మరణించినదని నిర్ణయించెను. ఈ నిర్ణయమునకు ఆధారమేమి? మరణమునకు ముందు ఆరు నెలలలో ఆమె ఇన్‌స్టాగ్రామున దాచుకొనిన, పంచుకొనిన, మెచ్చిన 16,300 విషయములలో సుమారు 2,100 దిగులు, స్వీయహింస, ఆత్మహత్యలకు సంబంధించినవని ఆమె ఖాతా చూపెను. ఆ ఖాతా లభించినందుననే సత్యము బయటపడెను; దానిని రాబట్టుటకే ఆ తండ్రికి ఏండ్లు పట్టెను.

కావున తల్లిదండ్రులకు మా మొదటి మనవి యిది. కోపముతో ఖాతాను తుడిచివేయకుడు, ఫోనును పగులగొట్టకుడు, అమ్మివేయకుడు. ఖాతా సమాచారపు ప్రతిని కంపెనీనుండి తెప్పించి దాచుడు. వైద్యుని చీటీలు, పాఠశాల హాజరుపట్టీలు, మార్కుల కాగితములు, కంపెనీకి పంపిన ఫిర్యాదులు, వచ్చిన ప్రత్యుత్తరములు తేదీల వరుసను కట్టపెట్టుడు. కాలపరిమితిని మరువకుడు. కాలిఫోర్నియాలో దేహహానికి సామాన్యముగ రెండేండ్ల గడువు. మైనరు బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండువరకు గడువు నడువదు. ఆ మినహాయింపు బిడ్డకే గాని పెద్దల సొంత దావాకు లేదు.

ఇక మన దేశపు సంగతి. ఇచ్చట ద్వారములు నాలుగు కనబడుచున్నవి. కాని ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడియ కలదు.

మొదటిది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. వస్తుదోషమునకు బాధ్యత వహింపజేయు నధ్యాయము అందు ప్రత్యేకముగ కలదు. కాని ఉచితముగ చేయు సేవ సేవయే కాదని ఆ చట్టము చెప్పుచున్నది. బిడ్డ కాసు చెల్లింపలేదు గనుక వాడు వినియోగదారుడే కాడని కంపెనీ వాదించును. రెండవది 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము. పదునెనిమిదేండ్ల లోపు వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెననియు, బిడ్డల నడవడిని వెంబడించి గమనింపరాదనియు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు దాని 9వ సెక్షను. మీరినచో 200 కోట్ల రూపాయల వరకు దండన. వినుట కింపుగనే యున్నది. కాని 2025 నవంబరులో ప్రకటించిన నియమముల ప్రకారము ఈ విధుల అమలుకు పదునెనిమిది నెలల గడువు. వసూలైన దండన భారత ప్రభుత్వపు సంచితనిధికి చేరును. నష్టపడినవానికి పరిహార మిప్పించు పాత ఐటీ చట్టపు 43ఏ సెక్షనును తొలగించుటకు ఈ చట్టమే యేర్పాటు చేసినది. బిడ్డకు గాయము, ఖజానాకు సొమ్ము! ఇది యెక్కడి న్యాయమని మేమడుగుచున్నాము.

మూడవది ఫిర్యాదు మార్గము. ప్రతి కంపెనీయు మన దేశమున ఫిర్యాదులు వినునధికారిని నియమింపవలెను. అతని యుత్తరముతో తృప్తి లేనిచో ముప్పది దినములలో 2023లో ప్రభుత్వ మేర్పరచిన అప్పీలు సంఘమునకు పోవచ్చును. చెడువ్రాతను తీయించుటకు ఇది పనికివచ్చును, పరిహారమునకు కాదు. ఐనను ఈ ఫిర్యాదును వేయుడు. కంపెనీకి తెలియజేసితిమనుటకు అది సాక్ష్యము.

నాలుగవది సివిలు కోర్టు. ఇదియే బిడ్డలకు నిజమైన ద్వారమని మా విశ్వాసము. 1928లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున ఒక స్త్రీ, స్నేహితురాలు కొనియిచ్చిన సీసాలోని పానీయము త్రాగుచుండగా అందు కుళ్లిన నత్త కనబడినదని ఫిర్యాదు చేసెను. ఆమె కాసు చెల్లింపలేదు. తయారుచేసినవానితో ఆమెకు ఒడంబడికయు లేదు. ఐనను, తన వస్తువును ఎవరు త్రాగుదురో ఎరిగినవాడు వారియెడ జాగ్రత్త వహింపవలెనని 1932లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. నిర్లక్ష్యమును గూర్చి మన న్యాయస్థానములు నేటికిని ఆధారముగ గొను సూత్ర మిది. వెల చెల్లించితివా యని ఈ ద్వారమున నడుగరు. జాగ్రత్త వహింపవలసినవాడు వహించెనా యని యడుగుదురు. బిడ్డ 'సమ్మతి' మీట నొక్కినాడు గదా యన్నచో, 1872 నాటి ఒడంబడికల చట్టము క్రింద మైనరు చేసిన యొడంబడిక చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిలు తేల్చినది. మరణించిన బిడ్డకై 1855 నాటి ప్రాణహాని చట్టము క్రింద రెండేండ్లలో దావా వేయవచ్చును. బ్రతికియున్న మైనరుకు, వయస్సు వచ్చిన పిదప గూడ మూడేండ్లకు మించకుండ గడువు కలదు.

ఖర్చు మాట యేమి? గెలిచిన సొమ్ములో భాగము పుచ్చుకొను షరతుపై అమెరికా వకీళ్లు వ్యాజ్యము నడుపుదురు. మన బారు కౌన్సిలు నియమములు దానిని నిషేధించినవి. కాని 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టము స్త్రీలకును బిడ్డలకును ఆదాయ విచారణ లేకయే ఉచిత న్యాయసహాయమునకు హక్కిచ్చినది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయము కలదు. ఎందరు తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియును? పఠనాలయముల గోడలపై వ్రాసిపెట్టదగిన విషయమిది.

ఫోను కొనియిచ్చినవారు తల్లిదండ్రులే గదా, తప్పు వారిది కాదా యని కొందరందురు. కొంత వారిదే, మేము కాదనము. ఆ పాలు మేరకు పరిహారము తగ్గింపవచ్చును. కాని బాటలో గోతిని త్రవ్వి, దానిపై ఆకులు కప్పి, పిల్లలకు మిఠాయి చూపినవాడు, తండ్రి చేయి విడిచినాడని చెప్పి తప్పించుకొనజాలడు. వాక్స్వాతంత్ర్యమునకు భంగమని మరికొందరందురు. పత్రికా వృత్తిలోనున్న మాకు ఆ స్వాతంత్ర్యము ప్రాణతుల్యము. కాని అర్ధరాత్రి పండ్రెండేండ్ల బిడ్డను లేపు గంట ఎవరి యభిప్రాయము? గడియారమును దాచుట ఎవరి వాక్కు? ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 మొదలు పదునారేండ్ల లోపు వారికి ఖాతాలను నిషేధించి, బిడ్డలను తల్లిదండ్రులను గాక కంపెనీలనే దండనకు గురిచేసినది. అట్టి కట్టడి మంచిదో కాదో వేరుగ చర్చింపవచ్చును. అది రేపటి బిడ్డకు కంచె. నిన్న గాయపడినవానికి మందు కాదు.

కావున మన పార్లమెంటు సభ్యులను మేము మూడు సంగతులు కోరుచున్నాము. బిడ్డ సమాచారమును పుచ్చుకొని చేయు సేవ ఉచితసేవ కాదని వినియోగదారుల చట్టమున స్పష్టముగ వ్రాయుడు. దండన సొమ్ములో భాగము హాని పొందిన బిడ్డల చికిత్సకు చేర్చుడు. బిడ్డ మరణించినపుడు ఖాతా సమాచారమును చెడనీయక కుటుంబమునకు అందించు విధిని కంపెనీలపై మోపుడు. బ్రిటనులో 2023 నాటి చట్టము కరోనరు విచారణకై అట్టి సమాచారమును రాబట్టు నధికారమును ఆఫ్‌కామ్ అను సంస్థ కిచ్చినది, మనకది యసాధ్యము కాదు.

కడపట తల్లిదండ్రులకొక మాట. దావా కంటె ముందు బిడ్డ. దిగులుతో మాట తగ్గించిన బిడ్డను తిట్టక, దగ్గర కూర్చుండబెట్టుకొని మాటాడింపుడు. రాత్రి పగలు ఉచితముగ సలహా నిచ్చు ప్రభుత్వపు టెలీ మానస్ సంఖ్య 14416. ఆపదలోని బిడ్డలకు 1098. బిడ్డ కోలుకొనిన పిదప కాగితముల కట్టతో కోర్టు మెట్లెక్కుడు. సొమ్ముకై ఎక్కుచున్నారని లోకమనినను వెనుదీయకుడు. ఏ పరిహారమును పోయిన బిడ్డను తీసికొనిరాదు. కాని ఒక తల్లి వేసిన ప్రశ్నకు కంపెనీ ప్రమాణము చేసి బదులు చెప్పవలసిన చోటు లోకమున ఒక్కటే కలదు. ఆ చోటునకు ఆమెను ఒంటరిగా పంపుట మన సంఘమునకు గౌరవము కాదు.